పాలొచ్చాయి... పిల్లలేవీ?

పొట్ట పెరుగుతుంది. చన్నుల్లో పాలు దిగుతాయి. మూలమూలా తవ్వి పడక సిద్ధం చేసుకుంటుంది. అయినా ఆ కుక్క చూడిది కాకపోవచ్చు! మరి ఎలా తెలుసుకోవాలి? ఎప్పుడు తెలుసుకోవాలి?

అట్టపెట్టె సిద్ధం. అందులో గోనెసంచి, దానిమీద పాత లుంగీ పరిచారు. పక్కింటివాళ్లకు ఒకటి, సుజాతనగర్‌లో ఉండే మేనమామకు ఒకటి, బడిలో పంతులమ్మకు ఒకటి... పుట్టబోయే పిల్లల పంపకాలు కూడా అయిపోయాయి. ఇక పుట్టడమే తరువాయి!

జూలూరుపాడులో ఓ ఇల్లనుకుందాం. ఆ ఇంట్లో మూడేళ్ల పామరేనియన్. పేరు స్వీటీ. ఎదకు రాగానే కొత్తగూడెంలో తెలిసినవాళ్లింట్లో ఉన్న మగకుక్క దగ్గరికి తీసుకెళ్లి, వారం ఉంచి తెచ్చారు. నెల తిరిగేసరికి నడుము మందమైంది. ఆరు వారాలు దాటాక చన్నులు ఉబ్బాయి. తాకితే పాలు. మంచం కింద దూరి, చంటిపిల్ల గుడ్డబొమ్మను పొట్ట దగ్గర పెట్టుకుని పడుకుంటోంది. ఎవరైనా బొమ్మ జోలికెళితే గుర్రుమంటోంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? 'మా స్వీటీ తల్లి కాబోతోంది' అని వీధంతా చెప్పేసుకున్నారు.

అరవై రోజులయ్యాయి. అరవై అయిదు. డెబ్బై. పిల్లల్లేవు. పాలు ఇంకిపోయాయి. పొట్ట తగ్గిపోయింది. గుడ్డబొమ్మ మీద మమకారమూ తీరిపోయింది. ఏం జరిగిందో తెలీక ఇంటిల్లిపాదీ తెల్లమొహాలేశారు. 'రాత్రిపూట పెట్టి తినేసిందేమో' అని నాయనమ్మ అనుమానం!

తినలేదు. అసలు పిల్లలే లేవు.

ఇంతటితో అయిపోతే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ ఇవే రోజుల్లో, ఇలాగే, మరో ఇంట్లో మరో కుక్కకు పొట్ట పెరుగుతుంది. దాని గర్భసంచిలో ఉన్నది పిల్లలు కాదు... చీము. 'చూడి కదా, నీరసం ఉంటుందిలే' అని ఇంటివాళ్లు సరిపెట్టుకుంటారు. నాలుగు రోజులు పోయాక ఆ కుక్క లేవదు.

చూడి అవునో కాదో తేల్చుకోవడం పిల్లల పంపకాల కోసం కాదు, తల్లి ప్రాణం కోసం.

గేదె లెక్క చెల్లదు

ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, ఏన్కూరు మీదుగా కొత్తగూడెం వెళ్లే దారిలో ఉంటుంది జూలూరుపాడు. 2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. పత్తి, మిర్చి చేలు, వాటి వెనక అడవి, మధ్యలో తండాలు, గూడేలు. పాడి ఉన్న ఇలాంటి ఊళ్లలో పశువు చూడి గురించి ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. గేదెకు సూది వేయించిన 21 రోజులకు మళ్లీ ఎదకొస్తే కట్టనట్టు. రాకపోతే ఆశ. మూడో నెలలో డాక్టరు చెయ్యి పెట్టి చూసి 'చూడిదే' అంటే ఖాయం. పొదుగు దిగిందంటే ఈత దగ్గరపడ్డట్టే.

చిక్కల్లా ఈ లెక్కలన్నీ కుక్కకు వర్తింపజేయడంతోనే వస్తోంది. ఎందుకంటే వాటిలో ఒక్కటీ కుక్క విషయంలో పనిచేయదు!

21 రోజుల లెక్కే తీసుకోండి. కుక్క మూడు వారాలకోసారి ఎదకు రాదు. సుమారు ఆరు నెలలకోసారి, అంటే ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తుంది. కట్టినా కట్టకపోయినా మళ్లీ ఎద అప్పటిదాకా ఉండదు. కాబట్టి 'ఎదకు రాలేదు, నిలబడినట్టే' అనుకోవడానికి వీల్లేదు. డాక్టరు గేదెకు చేసినట్టు చెయ్యి పెట్టి చూడటం అంత చిన్న ప్రాణికి కుదరదు. ఇక పాల సంగతి స్వీటీ ఇంట్లోవాళ్లను అడిగితే సరి.

మనుషుల పరీక్షా పనికిరాదు. మందుల షాపులో దొరికే గర్భనిర్ధారణ పట్టీ మీద కుక్క మూత్రం వేసి చూసే ఉత్సాహవంతులూ లేకపోలేదు. ఆ పట్టీ వెతికేది హెచ్‌సీజీ అనే హార్మోను కోసం. గర్భవతి అయిన స్త్రీ ఒంట్లో మాయ తయారుచేసే పదార్థం అది. కుక్కల్లో అది తయారే కాదు. పది పిల్లలు కడుపులో ఉన్నా పట్టీ మీద ఒక్క గీతే!

ఒళ్లే అబద్ధం చెబితే...

స్వీటీ నటించలేదు. దాని ఒళ్లే దాన్ని నమ్మించింది.

ఎద సమయంలో అండాశయం నుంచి అండాలు విడుదలయ్యాక, ఆ చోట మిగిలే కణజాలం ప్రొజెస్టెరాన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. గర్భాన్ని నిలబెట్టేది ఇదే. ఆవు, గేదెల్లో గర్భం నిలవకపోతే ఈ హార్మోను కొద్దిరోజుల్లోనే పడిపోతుంది, అందుకే మళ్లీ ఎదకొస్తాయి. కుక్కలో అలా కాదు. జత కట్టినా కట్టకపోయినా, పిల్లలున్నా లేకపోయినా, దాదాపు రెండు నెలలపాటు ప్రొజెస్టెరాన్ ఒకే తీరుగా ఉంటుంది. అందుకే ఆ హార్మోను ఎంతుందో రక్తపరీక్ష చేయించినా చూడి సంగతి తేలదు. రెండు నెలల చివర్లో అది తగ్గుముఖం పట్టగానే ప్రొలాక్టిన్ అనే మరో హార్మోను పెరుగుతుంది. పాలు పట్టించేది అదే. పడక కోసం తవ్వించేది, గుడ్డబొమ్మను బిడ్డ అనిపించేది కూడా అదే. ఒక్కమాటలో చెప్పాలంటే ఎదకొచ్చిన ప్రతి ఆడకుక్క ఒళ్లూ తల్లి కావడానికి సిద్ధపడిపోతుంది. కొన్నిట్లో ఆ లక్షణాలు బయటికి కనిపించవు. స్వీటీ లాంటివాటిలో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. దీన్నే అబద్ధపు చూడి అంటారు.

ప్రకృతి ఇలాంటి వింత ఎందుకు చేసింది? శాస్త్రవేత్తలు తోడేళ్ల వైపు చూపిస్తారు. తోడేళ్ల గుంపులో సాధారణంగా ఒక్క జంటే పిల్లల్ని కంటుంది. మిగతా ఆడవి పెంపకంలో సాయపడతాయి. పిల్లల్లేకున్నా పాలొస్తే, తల్లి వేటకెళ్లినప్పుడు పిన్ని పాలిచ్చి సాకొచ్చు! ఆ పాత అలవాటే మన గుమ్మం ముందు కుక్కకూ మిగిలిందన్నది వాళ్ల ఊహ.

అబద్ధపు చూడి జబ్బు కాదు. రెండు మూడు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. అయితే పాలు గడ్డకడతాయేమోనని పిండటం, నూనె రాసి మర్దన చేయడం మంచిది కాదు. ఎంత తాకితే అన్ని పాలొస్తాయి. మరీ ఎక్కువైతే డాక్టర్లు ప్రొలాక్టిన్‌ను తగ్గించే మందు ఇస్తారు. అదే మందు నిజంగా చూడిగా ఉన్న కుక్కకు పడితే గర్భం పోవచ్చు. అందుకే ముందు తేల్చుకోవాలి.

గోడమీద కేలండరే మొదటి పరికరం

మరి తేల్చుకునేది ఎలా? స్కానింగ్ గురించి తర్వాత మాట్లాడుకుందాం. అన్నిటికన్నా ముందు కావాల్సింది పైసా ఖర్చు లేనిది... తేదీ. గేదెకు సూది వేయించిన రోజు, పాలవాడి లెక్క, గ్యాస్ బండ మార్చిన తారీఖు రాసుకునే గోడమీద కేలండర్లోనే కుక్క జత కట్టిన రోజూ రాసిపెట్టుకోవాలి. రెండుమూడుసార్లు కలిస్తే అన్ని తేదీలూ. అది లేకుండా వెళితే ఎంత పెద్ద డాక్టరైనా సగం కళ్లు మూసుకుని పరీక్షించాల్సిందే.

కుక్క గర్భకాలం అండం విడుదలైన రోజు నుంచి చూస్తే సుమారు 63 రోజులు. జత కట్టిన రోజు నుంచి లెక్కిస్తే మాత్రం 57 నుంచి 72 దాకా ఎప్పుడైనా కావచ్చు. పదిహేను రోజుల తేడా! కారణం ఉంది. కుక్కలో అండం విడుదలైన వెంటనే ఫలదీకరణకు పనికిరాదు. పక్వం కావడానికి రెండుమూడు రోజులు పడుతుంది. మగకుక్క బీజకణాలేమో ఆడకుక్క శరీరంలో అయిదారు రోజులు కూడా సజీవంగా ఉండగలవు. సోమవారం జత కడితే శనివారం కడుపు పండొచ్చన్నమాట.

రెండోది డాక్టరు చెయ్యి. నాలుగో వారంలో, ముఖ్యంగా 28వ రోజుకు కాస్త అటూ ఇటూగా, పొట్టను రెండువైపుల నుంచీ మెత్తగా తడిమితే గర్భసంచిలో ఉసిరికాయలు గుచ్చిన దండలా ఉబ్బులు చేతికి తెలుస్తాయి. ఒక్కో ఉబ్బులో ఒక్కో పిల్ల. అయిదో వారం దాటితే ఈ ఉబ్బులు పెరిగి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అప్పుడు చేతికి ఏమీ అంతుపట్టదు. మళ్లీ పిల్లల తలలు తెలిసేది చివరి రోజుల్లోనే. అంటే ఈ పరీక్షకు ఉన్న గడువు వారం పది రోజులు! జూలూరుపాడు లాంటి చోట్ల దీన్ని మించిన పరీక్ష లేదు. యంత్రం అక్కర్లేదు, ప్రయాణం అక్కర్లేదు. అనుభవమున్న వేళ్లు చాలు. 'మేమే నొక్కి చూస్తాం' అని మాత్రం అనొద్దు. గట్టిగా నొక్కితే లోపలి పిల్లకే ముప్పు. కుక్క బాగా కొవ్వుపట్టి ఉన్నా, భయంతో పొట్ట బిగబట్టినా, ఉన్నది ఒకే పిల్లై పక్కటెముకల కింద దాక్కున్నా డాక్టరు చేతికీ చిక్కకపోవచ్చు.

అనుమానం మిగిలితే అల్ట్రాసౌండ్. మూడున్నర నాలుగు వారాలకే పిల్లల గుండెలు టపటపా కొట్టుకోవడం తెరమీద కనిపిస్తుంది. చూడి, అబద్ధపు చూడి, చీము... మూడింటినీ విడదీసి చెప్పే పరీక్ష ఇది. పిల్లలు బతికున్నాయో లేదో కూడా చెబుతుంది. ఎన్ని పిల్లలన్నది మాత్రం నమ్మకంగా చెప్పలేదు. లెక్కపెట్టిందే మళ్లీ లెక్కలోకి రావచ్చు. నగరాల్లో రక్తంలో రిలాక్సిన్ ఉందేమో చూసే పరీక్షా ఉంది. కుక్కల్లో చూడికి మాత్రమే గుర్తుగా చెప్పుకోదగ్గ హార్మోను ఇదొక్కటే. మాయ నుంచి వస్తుంది. నాలుగో వారం దాటాక చూపిస్తేనే ఫలితం నమ్మదగ్గది.

ఎక్స్‌రే వంతు ఆఖరున. పిల్లల ఎముకలు గట్టిపడితేనే ఫిల్ముమీద పడతాయి కాబట్టి 45 రోజులలోపు తీయించడం దండగ. 55 రోజులు దాటాక తీస్తే పుర్రెలు, వెన్నెముకలు లెక్కపెట్టుకోవచ్చు. ఎన్నున్నాయో తెలిస్తే ఏమిటట? అర్ధరాత్రి రెండు పిల్లల్ని పెట్టి తల్లి అలిసి పడుకుంటుంది. అయిపోయినట్టా, ఇంకోటి లోపల ఇరుక్కుందా? లెక్క తెలిసినవాళ్లకే ఆ రాత్రి నిద్ర పడుతుంది.

మండల కేంద్రాల్లోని పశువుల ఆసుపత్రులు ప్రధానంగా ఆవులు, గేదెలు, మేకలు, గొర్రెల కోసం ఏర్పడినవి. స్కానింగ్, ఆపరేషన్ అంటే ఏ కొత్తగూడెమో ఖమ్మమో పోయి విచారించుకోవాలి. మరీ కష్టమైన కేసులకు హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉన్నాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం సంచార పశువైద్య వాహనాలను మొదలుపెట్టినప్పుడు వాటికి ఇచ్చిన నంబరు 1962. దూరం ఇంత ఉన్నప్పుడు నాలుగో వారంలోనే విషయం తెలిస్తే, ఎవరికి ఫోన్ చేయాలో, ఏ బండి మాట్లాడుకోవాలో చూసుకోవడానికి అయిదు వారాలు చేతిలో ఉంటాయి. నొప్పులు మొదలయ్యాక ఆ వ్యవధి గంటల్లోకి వచ్చేస్తుంది.

చీము పట్టిన కడుపు

ఎదకొచ్చి వెళ్లిన ఒకటి రెండు నెలల్లోనే గర్భసంచికి చీము పట్టే ప్రమాదం ఎక్కువ. సరిగ్గా ఇంట్లోవాళ్లు చూడి అనుకునే రోజులే అవి! నడివయసు దాటిన, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని కుక్కల్లో మరీనూ. గుర్తుపట్టడానికి ఒక దారి ఉంది. చూడికుక్క తింటుంది, తిరుగుతుంది, హుషారుగా ఉంటుంది. చీము పట్టింది మాత్రం తిండి మానేసి కుండలకొద్దీ నీళ్లు తాగుతుంది, అన్ని నీళ్లూ మూత్రంగా పోస్తుంది, వాంతులు చేసుకుంటుంది. కొన్నిట్లో వెనకనుంచి చీము కారి వాసనొస్తుంది. అలా కారితే ఒక రకంగా అదృష్టమే, ఇంట్లోవాళ్లకు అనుమానమైనా వస్తుంది. గర్భసంచి మూతి మూసుకుపోతే చుక్క బయటికి రాదు. పొట్ట మాత్రం పెరుగుతూనే ఉంటుంది. దీనికి చాలాసార్లు ఆపరేషనే మార్గం. రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చునే వ్యవహారం కాదు.

దీనికి దారితీసే పొరపాటు ఒకటి తరచూ జరుగుతుంటుంది. వీధికుక్కతో కలిసిందని తెలియగానే 'గర్భం పోయే ఇంజక్షన్ ఇవ్వండి' అని ఆసుపత్రికి పరుగెత్తుకొస్తారు. ఒకప్పుడు అందుకు ఈస్ట్రోజెన్ ఇంజక్షన్లు వాడేవారు. అవి గర్భసంచిలో చీముకు దారితీస్తాయనీ, ఎముకల మూలుగను దెబ్బతీసి రక్తం తయారీనే ఆపేయగలవనీ తేలాక వైద్యులు వాటికి దూరమయ్యారు. పైగా కలిసిన ప్రతిసారీ కడుపు రాదు. నాలుగో వారం దాకా ఆగి, ఉందో లేదో చూసి, ఏం చేయాలో డాక్టరుతో మాట్లాడుకోవడమే మేలు. పిల్లలు వద్దే వద్దనుకుంటే ఆపరేషన్ చేయించడం అన్నిటికన్నా నిశ్చింత. అయితే అబద్ధపు చూడిలో పాలు కారుతున్నప్పుడు కాదు, అది సద్దుమణిగాక.

కాల్షియం పోస్తే బలమా?

చూడి అని తేలిందనుకోండి. అప్పుడు మొదలవుతుంది ప్రేమ! గేదెకు పట్టే కాల్షియం డబ్బాలోంచే రెండు మూతలు కుక్క పాలల్లోకీ పోతాయి. ఇది మంచికన్నా చెడే ఎక్కువ చేస్తుంది. గర్భంతో ఉన్నన్నాళ్లూ బయటినుంచి కాల్షియం కుమ్మరిస్తే, ఎముకల్లోంచి దాన్ని తీసి వాడుకునే ఏర్పాటు ఒంట్లో మొద్దుబారిపోతుంది. పిల్లలు పుట్టి పాలు తాగడం మొదలుపెట్టగానే రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోతుంది. ఈనిన గేదెకు పాలజ్వరం వచ్చినట్టే. కాకపోతే గేదె చల్లబడి కూలబడుతుంది, కుక్క మాత్రం ఒళ్లు కాలిపోతూ, వణుకుతూ, కాళ్లు కొయ్యబారి పడిపోతుంది. పామరేనియన్ లాంటి చిన్నజాతుల్లో, ఈనిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య ఎక్కువ. పిల్లల్ని వెంటనే పాలనుంచి తప్పించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. నరంలోకి నెమ్మదిగా కాల్షియం ఎక్కిస్తే చూస్తుండగానే లేచి కూర్చుంటుంది.

తిండి విషయంలో మొదటి అయిదు వారాలూ మామూలుగా పెట్టేదే చాలు. ఆ తర్వాత కొద్దికొద్దిగా పెంచుతూ, కడుపులో చోటు తగ్గిపోతుంది కాబట్టి ఒకేసారి కాకుండా నాలుగైదుసార్లు పెట్టాలి. నులిపురుగుల మందు సంగతి డాక్టరును తప్పకుండా అడగాలి. తల్లి కండరాల్లో నిద్రపోతున్న ఏలికపాము పిల్లలు చివరి మూడు వారాల్లో మేలుకుని, మాయ దాటి కడుపులో కూనల్లోకి వెళ్లిపోతాయి. అంటే కూనలు పురుగులతోనే పుడతాయి! గోమార్ల జ్వరమనో మరొకటనో మందు రాయించుకునేటప్పుడు 'ఇది చూడిది కావచ్చు' అన్న ఒక్కమాట డాక్టరు చెవిన వేయాలి. టెట్రాసైక్లిన్ తరహా మందులు పిల్లల ఎముకలకు, పళ్లకు చేటు.

ఇక ఆక్సిటోసిన్. పాడి ఉన్న ఊళ్లలో పాలు చేపడానికి గేదెలకు దొంగచాటుగా పొడిచే ఇంజక్షన్‌గా ఈ పేరు చాలామందికి తెలుసు. 'కుక్కకు నొప్పులు రావట్లేదు, ఓ సూది వేసేద్దాం' అన్న తెగింపు అక్కడినుంచే పుడుతుంది. పిల్ల అడ్డం తిరిగి దారి మూసుకుపోయి ఉంటే ఆ సూదికి గర్భసంచి బిగుసుకుని చినిగిపోవచ్చు. డాక్టరు చూడకుండా వేయాల్సిన సూది కాదది.

ఆ రాత్రి

సరే, మళ్లీ స్వీటీ దగ్గరికి వద్దాం. ఆరేడు నెలలకు మళ్లీ ఎదకొచ్చింది. ఈసారి కేలండర్లో రెండు తేదీల చుట్టూ సున్నాలు చుట్టారు. 28వ రోజున డాక్టరు వేళ్లకు ఉసిరికాయలు తగిలాయి. 56వ రోజున తీయించిన ఎక్స్‌రేలో మూడు పుర్రెలు. ఒకటే అయి ఉంటే ఇంకాస్త కంగారుపడాల్సి వచ్చేది. ఎందుకంటే ప్రసవానికి సైగ చేసేది కడుపులోని పిల్లలే. ఒంటరి పిల్ల సైగ ఒక్కోసారి తల్లికి చాలదు.

ఆ రోజు నుంచి ఉదయం, సాయంత్రం థర్మామీటరు. కుక్క ఒంటి వేడి మామూలుగా 101, 102 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. ఈనడానికి 12 నుంచి 24 గంటల ముందు 99 కంటే కిందికి దిగుతుంది. ప్రొజెస్టెరాన్ పడిపోవడమే దానికి కారణం. మందుల షాపులో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటరుతో ఈ కబురు ముందే తెలుస్తుంది! దిగి ఒక రోజు గడిచినా నొప్పులు రాకపోతే డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే.

అట్టపెట్టె మీద నాయనమ్మ ఓ కాగితం అంటించమంది. గట్టిగా ముక్కుతూ అరగంటైనా పిల్ల రాకపోతే... ఒక పిల్లకూ ఇంకో పిల్లకూ మధ్య రెండు గంటలు దాటితే... మొదటి పిల్ల రాకముందే ఆకుపచ్చ ద్రవం కారితే... వెంటనే బండి! ఆ ఆకుపచ్చ రంగు మాయ విడిపోయిందనడానికి గుర్తు. పిల్ల వచ్చాక కనిపిస్తే మామూలే. ముందే కనిపిస్తే లోపల పిల్లకు ఊపిరాడనట్టు. వెనక కాళ్లతో పిల్ల బయటికొస్తే మాత్రం భయపడక్కర్లేదు. కుక్కల్లో పదింట నాలుగు అలాగే పుడతాయి.

61వ రోజు సాయంత్రం థర్మామీటరు 98.4 చూపించింది. తెల్లారుజామున నాలుగింటికి మొదటిది పుట్టింది. ఇంకో ముప్పావుగంటకు రెండోది, కాళ్లతో. తల్లి పొరను చింపి, నాకి, పక్కకు ఒరిగింది. ఇంటాయన గడియారం వంక చూశాడు. గంట. గంటంబావు. ఫోన్లో డాక్టరు నంబరు తీసిపెట్టుకుని ఉన్నాడు. గంటన్నర... స్వీటీ మళ్లీ లేచి గుండ్రంగా తిరిగింది.

మూడోది ఆరున్నరకు వచ్చింది.